ఆపకూడని బీకన్‌ను ఆపితే: బోగోలు తీరంలో ఒక కేసు

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని ఒక పల్లె నుంచి నవంబర్‌లో వేటకు వెళ్లిన ఫైబర్ బోటు గేర్‌బాక్స్ విరిగి సముద్రంలో కొట్టుకుపోయింది. బోటులో నలుగురున్నారు. వాళ్ల దగ్గర ఒక పర్సనల్ లొకేటర్ బీకన్ కూడా ఉంది. దీన్నే పీఎల్‌బీ అంటారు. ఆపదలో స్విచ్ వేస్తే ఉపగ్రహం ద్వారా సాయం కోరే పరికరం. మన తీరంలో ఫైబర్ బోట్ల మీద ఇది అరుదుగా కనపడే వస్తువు. అది చేతిలో ఉండి కూడా సాయం రావడానికి తెల్లవారే దాకా ఎందుకు పట్టింది అన్నదే ఈ కేసు. నలుగురూ క్షేమంగా ఇల్లు చేరారు కాబట్టి ఏం జరిగిందో తీరిగ్గా అడిగి తెలుసుకునే వీలు దొరికింది.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో సేఫ్టీ ఎక్విప్‌మెంట్ పని చేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు కావలిలో బోట్ల జీపీఎస్‌లు, వీహెచ్‌ఎఫ్ సెట్లు, ఎకో సౌండర్లు బాగుచేస్తుంటాను. బోటు ఓనరు ఆ బీకన్‌ను ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తెచ్చి, "సార్, ఇది పనిచేసినట్టా, చెయ్యనట్టా?" అని అడిగాడు. పల్లె పేరు, మనుషుల పేర్లు వాళ్లు వద్దన్నారు, అందుకే రాయడం లేదు.

పరికరం ఏమిటి?

అరచేతిలో పట్టే పసుపు రంగు డబ్బా. ఓనరు మేనల్లుడు మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. తన కోసం బయటి దేశంలో కొనుక్కున్న దాన్ని సెలవుకి వచ్చినప్పుడు మామకు ఇచ్చి వెళ్లాడు. వెనక స్టిక్కర్ మీద అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 15 ఉన్న గుర్తింపు సంఖ్య ఉంది. ప్రతి బీకన్‌కీ ఇలాంటిది ఒకటి ఉంటుంది, ఏ రెండింటికీ ఒకటే ఉండదు. ఆ సంఖ్యలోనే దేశం కోడ్ కూడా దాగి ఉంటుంది. భారత్‌ది 419. ఈ డబ్బాలో ఉన్నది బ్రిటన్ కోడ్.

స్విచ్ వేసిన నిమిషం లోపే పీఎల్‌బీ 406 మెగాహెర్ట్జ్ మీద మొదటి సందేశం పంపుతుంది. ఆ తర్వాత దాదాపు 50 సెకన్లకొకసారి, అర సెకను పాటు, 5 వాట్ల బలంతో పంపుతూనే ఉంటుంది. అందుకునేది కాస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. కోల్డ్‌వార్ రోజుల్లో ఆ రెండు పక్షాలూ కలిసి చేసిన పనులు ఎన్నో లేవు, అందులో ఇదొకటి. మన దేశం కూడా ఇందులో ఉంది. మన వైపు సిగ్నల్ బెంగళూరులో ఇస్రో నడిపే మిషన్ కంట్రోల్ సెంటర్‌కు చేరుతుంది. ఈ తీరానికి సంబంధించినదైతే అక్కడి నుంచి చెన్నైలోని కోస్ట్‌గార్డ్ రెస్క్యూ కేంద్రానికి వెళ్తుంది.

ఉపగ్రహాలన్నీ ఒకలా పనిచేయవు. 2016 సెప్టెంబర్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్‌లో వాతావరణ పరికరాలతో పాటు ఈ బీకన్ల సిగ్నల్ పట్టే ట్రాన్స్‌పాండర్ కూడా ఉంది. అలాంటి భూస్థిర ఉపగ్రహం కేకను వెంటనే వింటుంది. కానీ అది భూమి మీది మనకు కదలకుండా నిలబడినట్టే ఉంటుంది కాబట్టి, కేక ఎక్కడి నుంచి వచ్చిందో సొంతంగా లెక్కకట్టలేదు. బీకన్ తన జీపీఎస్ స్థానాన్ని సందేశంలో కలిపి పంపితేనే చోటు తెలుస్తుంది. మధ్య ఎత్తు కక్ష్యలో తిరిగే జీపీఎస్, గెలీలియో ఉపగ్రహాల మీద పెట్టిన రిసీవర్లు మాత్రం కొన్ని నిమిషాల్లోనే చోటును లెక్కకట్టగలవు. లెక్కకట్టిన చోటులో కిలోమీటర్ల తేడా ఉండొచ్చు. బీకన్ తానే చెప్పిన చోటు వంద మీటర్ల లోపు సరిపోతుంది. రాత్రిపూట, అలల మధ్య, తక్కువ ఎత్తు ఫైబర్ బోటును వెతికేవాడికి ఈ తేడా చాలా పెద్దది.

ఈ డబ్బాలో జీపీఎస్ ఉంది. 121.5 మెగాహెర్ట్జ్ మీద చిన్న బలంతో నిరంతరం వచ్చే రెండో సిగ్నల్ కూడా ఉంది. ఆ ఫ్రీక్వెన్సీని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో మానేశాయి. అయినా తీసెయ్యలేదు. దగ్గరికొచ్చిన ఓడో విమానమో ముక్కు సూటిగా రావడానికి అదే దారి. పైన మెరిసే లైటు ఉంది. బ్యాటరీ తేదీ దాటలేదు. మొత్తానికి పరికరం మంచిదే.

ఆ రోజు జరిగింది

మధ్యాహ్నం వల లాగుతుండగా గేర్‌బాక్స్ పోయింది. లంగరు తాడు ఆ లోతుకు చాలలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. అక్టోబర్ దాటాక మన తీరం వెంబడి నీరు దక్షిణానికి లాగుతుంది, ఫిబ్రవరి తర్వాత తిరగబడి ఉత్తరానికి నడుస్తుంది. ఇది వేటగాళ్లందరికీ తెలిసిందే. ఆ రోజు నీటికి ఈశాన్యపు గాలి కూడా తోడైంది. బోటు కృష్ణపట్నం వైపు జారుతూ పోయింది. పల్లె నుంచి వెతకడానికి బయల్దేరిన రెండు బోట్లు మాత్రం వీళ్లు చెప్పి వెళ్లిన వేట చోటుకే వెళ్లాయి. ఇంజను ఎప్పుడు ఆగిందో వాళ్లకు తెలియదు కదా.

పొద్దు గుంకే వేళ డ్రైవరు బీకన్ స్విచ్ వేశాడు. వాన పడుతోందని టార్పాలిన్ కిందే పట్టుకున్నాడు. లైటు మెరిసింది. కాసేపు చూశాడు, ఎవరూ రాలేదు, స్విచ్ ఆపేశాడు. ఎందుకంటే, "రేపటికి ఛార్జింగ్ ఉండొద్దా?" అన్నాడు నాతో. ఫోన్‌తో వచ్చిన అలవాటు అది. రెండో కారణం కాస్త ఆగి చెప్పాడు. విదేశీ వస్తువు, లైసెన్సు ఉందో లేదో, పోలీసులు పట్టుకుంటారేమోనని టెన్షన్. రాత్రిలో ఇంకోసారి వేసి మళ్లీ ఆపాడు.

ఒడ్డున ఏం జరిగిందంటే, బీకన్ రిజిస్ట్రేషన్‌లో ఆపదప్పుడు ఫోన్ చేయమని ఇచ్చిన మొదటి నంబరు మేనల్లుడిది. అతను ఓడ మీద ఎక్కడో ఉన్నాడు, ఫోన్ పలకలేదు. రెండో నంబరు అతని తల్లిది, ఇదే పల్లె. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది, అవతలి మనిషి హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి మారాడు. ఓటీపీ అడిగే బాపతు అనుకుని ఆమె పెట్టేసింది. మళ్లీ మోగితే మళ్లీ పెట్టేసింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అలాంటి ఫోన్లు పెట్టేయమని మనమే కదా ఇంట్లో వాళ్లకు చెబుతున్నది! పైగా ఆ రికార్డులో ఉన్నది ఓడలో పనిచేసే మనిషి వివరాలు. ఫైబర్ బోటు, నలుగురు మనుషులు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

కాబట్టి వెతికేవాళ్ల దగ్గర ఉన్నది ఇంతే: బ్రిటన్ కోడ్ ఉన్న ఒక బీకన్ కాసేపు పలికి ఆగింది, మళ్లీ కాసేపు పలికి ఆగింది, ఫోన్ చేస్తే ఎవరూ ధ్రువపరచడం లేదు. ప్రపంచమంతటా ఇలాంటి బీకన్లు పొరపాటున మోగడం మామూలే. ఎక్కువ భాగం అలాంటివే. పలికి ఆగిపోయిందంటే ఎవరో పొరపాటున నొక్కి ఆపేశారనే అనుమానం ముందు వస్తుంది. ఆపద అయినా కాకపోయినా సంకేతం మాత్రం ఒకేలా కనపడుతుంది.

రాత్రి బాగా పొద్దుపోయాక పల్లె పెద్దల్లో ఒకాయన కోస్ట్‌గార్డ్ ఉచిత నంబరు 1554కి ఫోన్ చేసి బోటు వివరాలు చెప్పాడు. అప్పుడు రెండు ముక్కలూ కలిశాయి. దాదాపు అదే సమయంలో బోటులో ఇంకో సంగతి జరిగింది. ఇంటర్ చదువుతూ సెలవులకు వేటకొచ్చిన కుర్రవాడు టార్చి వేసి స్టిక్కర్ చదివాడు. "మామా, దీన్ని ఆపకూడదంట. ఇరవై నాలుగు గంటలు వస్తదంట, ఇట్నే ఉంచమని రాసుంది" అన్నాడు. డ్రైవరు ఒప్పుకోలేదు. "అయిపోతే యాడ తెస్తావు రా?" కుర్రవాడు ఇవ్వలేదు. టార్పాలిన్ బయట కూర్చుని, యాంటెన్నా పైకి పెట్టి, తెల్లవారే దాకా పట్టుకున్నాడు. వెలుగు వచ్చేసరికి కోస్ట్‌గార్డ్ నౌక కనపడింది.

సైనికుడి బీకన్ వేరే కథ

డ్రైవరు మాటలు వింటుంటే నాకు పాత ఉద్యోగం గుర్తొచ్చింది. కాసేపు వేసి ఆపడం, చోటు బయటపడకూడదని భయపడటం, బ్యాటరీ దాచుకోవడం, ఇవన్నీ శత్రువు నేల మీద పడ్డ పైలట్‌కు నేర్పే పద్ధతులు. అక్కడ అవి సరైనవి. ఇక్కడ అవే ప్రాణం మీదికి తెస్తాయి. రెండు రకాల బీకన్ల తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: కేక ఎవరికి వినపడాలి? సముద్రంలో వేటగాడి కేక అందరికీ వినపడాలి. యుద్ధంలో పైలట్ కేక సొంతవాళ్లకు మాత్రమే వినపడాలి.

2022 డిసెంబర్‌లో కొరిశపాడు దగ్గర హైవే రన్‌వే మీద యుద్ధ విమానాల ట్రయల్ జరిగినప్పుడు చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. అప్పుడు మా బంధువుల పిల్లవాడు అడిగాడు, పైలట్ దూకితే ఎలా కనుక్కుంటారని. మన సైన్యం వాడే పరికరాల సంగతి నేను ఇక్కడ రాయను. బయట అందరికీ తెలిసిన అమెరికా అనుభవం చాలు.

వియత్నాం యుద్ధంలో అమెరికన్ పైలట్లు 243 మెగాహెర్ట్జ్ మీద కూత పెట్టే బీపర్లు వాడారు. ఎవరైనా వినగలిగే కూత అది. దొరికిన బీపర్లను శత్రువులే మోగించి, వెతకడానికి వచ్చిన హెలికాప్టర్లను తుపాకుల ముందుకు రప్పించిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆ తర్వాత వచ్చిన పీఆర్‌సీ-112 రేడియో దానంతటది కూయదు. వెతికే విమానం ఆ రేడియోకి మాత్రమే చెందిన కోడ్‌తో పిలిస్తే జవాబిస్తుంది. ఆ జవాబును బట్టి విమానానికి దిక్కు, దూరం తెలుస్తాయి. ఇంకా తర్వాతి సీసెల్ రేడియోలో జీపీఎస్ స్థానాన్ని, ముందే తయారుచేసిన చిన్న సందేశాలను గూఢలిపిలో ఉపగ్రహం ద్వారా పంపుతారు. సిగ్నల్ గాలిలో ఉండే సమయం ఎంత తక్కువైతే దాన్ని పట్టుకునే అవకాశం అంత తక్కువ.

మనిషి తనే అని రుజువు చేసే పద్ధతి కూడా వేరు. పైలట్ యుద్ధానికి వెళ్లే ముందే తనకు మాత్రమే తెలిసిన కొన్ని సొంత సంగతులు, ఒక సంఖ్య రాసి ఇచ్చి వెళ్తాడు. రక్షించడానికి వచ్చినవాళ్లు వాటిలోంచి ప్రశ్న అడుగుతారు. పైలట్‌ను విమానం నుంచి బయటికి విసిరే ఎజెక్షన్ సీటులోని బీకన్‌కి ఆటో, మాన్యువల్ అని రెండు స్థితులు పెట్టడం కూడా ఇందుకే. శాంతికాలంలో పైలట్ విమానం నుంచి బయటపడగానే అది మోగాలి, ఎందుకంటే స్పృహ లేకపోయినా వెతకాలి. యుద్ధంలో మోగకూడదు.

1995 జూన్ 2న బోస్నియా మీద విమానాన్ని కూల్చేస్తే బయటపడ్డ అమెరికన్ పైలట్ స్కాట్ ఓగ్రేడీ ఆరు రోజులు అడవిలో దాక్కున్నాడు. రేడియోను ఎప్పుడూ కాసేపే వాడాడు. చివరికి సొంత పైలట్‌తో మాట కలిశాక, జూన్ 8న హెలికాప్టర్లు వచ్చి తీసుకెళ్లాయి. మన డ్రైవరు చేసిందీ అదే, కాకపోతే అతని చేతిలో ఉన్నది ఓగ్రేడీ రేడియో కాదు.

అలా అని రెండింటి మధ్యా గోడ ఏమీ లేదు. 2022 జూలై నుంచి ఓడల్లో కొత్తగా పెట్టే ఈపర్బ్‌లకు, అంటే ఓడ కోసం ఉండే పెద్ద బీకన్లకు, ఇన్‌ఫ్రారెడ్ లైటు తప్పనిసరి. మామూలు కంటికి కనపడని ఆ వెలుగు నైట్ విజన్ పెట్టుకున్న హెలికాప్టర్ పైలట్‌కు దూరం నుంచే కనపడుతుంది. నైట్ విజన్ మొదట సైన్యం చేతిలోనే ఉండేది. ఇప్పుడు కొన్ని పీఎల్‌బీల్లోనూ ఆ లైటు పెడుతున్నారు.

సైనిక రేడియోల నుంచి ఇటు రావాల్సిన ఇంకో గుణం, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, జవాబు. డ్రైవరు ఆపేయడానికి అసలు కారణం ఛార్జింగ్ కాదు, ఎవరైనా విన్నారో లేదో తెలియకపోవడం. చీకట్లో ఒక లైటు మెరుస్తూ ఉంటే ఎంతసేపని నమ్మకంగా కూర్చుంటాడు? గెలీలియో ఉపగ్రహాలు 2020 జనవరి నుంచి ఈ సేవ ఇస్తున్నాయి. అందుకు తగ్గ బీకన్ అయితే, సందేశం అందింది అని దాని మీదే వేరే లైటు వెలుగుతుంది. అందింది అనే చెబుతుంది, బయల్దేరాం అని కాదు. అయినా ఆ ఒక్క లైటు ఉంటే అతను స్విచ్ ముట్టుకునేవాడు కాదని నా నమ్మకం. ఈ కేసులోని డబ్బా పాత మోడల్, ఆ సౌకర్యం లేదు.

ఏం మార్చాం?

ముందు బోటు సంగతి. ఫైబర్ బోటుకు పీఎల్‌బీ ఒక్కటే సరిపోతుందని నేను అనను. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, డాట్ అంటారు, 2010 నుంచి మన వేటగాళ్ల చేతుల్లో ఉంది. దాని సిగ్నల్ మన సొంత ఉపగ్రహాల ద్వారా వెళ్తుంది, రికార్డులో ఉండేది మన బోటే. 2024లో విడుదలైన రెండో తరం డాట్‌లో తిరుగు సందేశం కూడా ఉంది. ఒడ్డు నుంచి మీ కేక అందింది అని బోటుకు తెలుస్తుంది, తుపాను హెచ్చరికలూ వస్తాయి. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుపుకుని మన భాషలో చదువుకోవచ్చు. మత్స్యశాఖ ద్వారా దానికి దరఖాస్తు పెట్టమని చెప్పాను.

పీఎల్‌బీని బోటు డబ్బాలోంచి తీయించాను. అది మనిషికి ఉండాల్సిన వస్తువు, బోటుకి కాదు. బోటు తిరగబడితే డబ్బా బోటుతో పాటే పోతుంది. నీళ్లలో మునిగాక 406 సిగ్నల్ బయటికి రాదు. 2016 జూలైలో తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైన ఎయిర్‌ఫోర్స్ విమానం ఏఎన్-32 శకలాలు 3,400 మీటర్ల లోతులో కనపడటానికి ఏడేళ్లు దాటింది. ఈపర్బ్ నీళ్లలో పడితే దానంతటది పైకి తేలి మోగుతుంది, పీఎల్‌బీని మాత్రం మనిషే విప్పి నొక్కాలి. అందుకే లైఫ్ జాకెట్ భుజం దగ్గర సంచిలో పెట్టి, తాడుతో కట్టించాను. ఇక్కడ ఒక సమస్య ఉంది. మనవాళ్లు లైఫ్ జాకెట్ వేసుకోరు, ఉక్క. వేసుకోకపోతే సంచిని నడుముకు కట్టుకోవాలి. డ్రైవరు ఒప్పుకున్నాడు, ఎంతకాలం కట్టుకుంటాడో చూడాలి.

ఎండ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రకం బీకన్లను మైనస్ 20 నుంచి 55 డిగ్రీల దాకా పనిచేసేలా పరీక్షిస్తారు, 24 గంటల హామీ ఆ చలిలో కూడా నిలవాలి. మన నీళ్లలో చలి బాధ లేదు. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు బోట్లు ఇసుక మీద ఎండుతుంటాయి. రోహిణి కార్తెలో మూసిన డబ్బా లోపల చెయ్యి పెట్టి చూసినవాళ్లకు లిథియం బ్యాటరీ గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నిషేధం రోజుల్లో ఇంటికి తెచ్చుకోమన్నాను.

ఒకసారి నిజంగా వాడిన బ్యాటరీని మార్చాల్సిందే, సగం మిగిలిందని ఉంచుకోకూడదు. ఎలాగూ సర్వీస్ సెంటర్‌కు పంపాలి కాబట్టి, దేశం కోడ్‌ను 419కి మార్చి, బెంగళూరు కేంద్రంలో ఓనరు పేరున రిజిస్టర్ చేసే పని కూడా దాంతోనే పెట్టుకున్నాం. కోడ్ మార్చడం నా బల్ల మీద అయ్యే పని కాదు, కంపెనీ అనుమతి ఉన్నవాళ్లే చేయాలి. బ్రిటన్ రికార్డులో పాత నమోదును రద్దు చేయించే బాధ్యత మేనల్లుడిది.

నమోదు ఫారంలో నంబర్ల దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాం. వేటకు వెళ్లేవాళ్ల నంబర్లు ఒక్కటీ పెట్టలేదు. ఒడ్డున ఉండేవాళ్లు, రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లు, ఎవరు ఏ బోటులో వెళ్లారో చెప్పగలిగేవాళ్లు కావాలి. డ్రైవరు భార్య, వేలం పాట దగ్గర లెక్కలు రాసే అబ్బాయి, 1554కి ఫోన్ చేసిన పెద్దాయన, ముగ్గురూ సరే అన్నారు. చెన్నై రెస్క్యూ కేంద్రం నంబరును ముగ్గురి ఫోన్లలోనూ తెలుగులో పేరు పెట్టి సేవ్ చేయించాను. ఆ మేనల్లుడి తల్లి ఫోన్‌లో కూడా సేవ్ చేయించుకుంది. "ఈసారి హిందీలో వచ్చినా పెట్టెయ్యను లే నాయనా" అంది.

డ్రైవరుకి ఇంకో అనుమానం మిగిలింది. "ఇది జేబులో ఉంటే నేను యాడ వేటాడతానో గవర్నమెంటుకీ, పక్క పల్లెలోళ్లకీ తెలిసిపోదా?" అన్నాడు. మంచి ప్రశ్న. చేపల చోటు బయటపెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. బోటు తిరిగినంతసేపూ చోటు చెబుతూ ఉండే పరికరాలు వేరే ఉన్నాయి. పెద్ద బోట్లలో ఏఐఎస్ అలాంటిదే, కొత్తగా ఇస్తున్న ట్రాన్స్‌పాండర్లతోనూ బోటు జాడ ఒడ్డుకు తెలుస్తుంది. పీఎల్‌బీ మాత్రం స్విచ్ వేసే దాకా మూగది. స్విచ్ వేశాక కూడా దాని సందేశం వెళ్లేది రెస్క్యూ వాళ్లకే. టెస్ట్ బటన్ నొక్కినా అసలు కేక వెళ్లదు, పరీక్ష సందేశాన్ని ఉపగ్రహ వ్యవస్థ లెక్కలోకి తీసుకోదు. ఇదంతా చెప్పాక ఆ డబ్బా మీద పెయింట్‌తో తెలుగులో రెండు మాటలు రాయమని అతనే అడిగాడు. "వేశాక ఆపొద్దు" అని రాశాను.

అదే పల్లెలో మరో ఇద్దరు ఓనర్లు విదేశాల నుంచి ఇలాంటివి తెప్పించుకోవచ్చా అని అడుగుతున్నారు. ముందు డాట్ తీసుకోండి, ఆ తర్వాతే పీఎల్‌బీ సంగతి, అదీ 419 కోడ్‌తో, తిరుగు జవాబు ఉన్న మోడల్ అయితేనే అని చెబుతున్నాను. బోటుకొకటి కాదు, మనిషికొకటి. ఆ మాటకి మాత్రం ఇద్దరూ ఖర్చు లెక్కేసుకుని, తర్వాత చెబుతామన్నారు.